వీధుల జాలం కత్తిరింపులో పట ప్రక్షేపాల పాత్ర: సీతాఫల్‌మండి ఉదాహరణ

సికింద్రాబాద్ నుంచి కాచిగూడ వైపు సాగే రైలు మార్గంలో తొలి మజిలీ సీతాఫల్‌మండి. పండు పేరూ, అంగడి పేరూ కలిసి పేట పేరైన చోటు ఇది. తెలంగాణ మెట్ట భూముల సీతాఫలం సెప్టెంబరు నుంచి నవంబరు వరకు జంట నగరాల వీధుల్లో కనిపిస్తుంది. వీటిలో పేరెన్నికగన్న రకం మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ పేరుతోనే వ్యవహారంలో ఉంది. ఈ పండు కోసిన కొద్ది రోజులకే మెత్తబడుతుంది. మెత్తబడిన తరువాత నిలువ ఉండదు, దూరం మోయడానికీ పనికిరాదు. అందువల్ల ఉత్పత్తిదారుల సంఘం ఒకటి నగరంలో నేరుగా అమ్మకపు కేంద్రం తెరవదలిస్తే, ఆ కేంద్రం ఎన్ని ఇళ్ళకు కాలినడకన అందుబాటులో ఉంటుందన్న ప్రశ్న ధర తరువాత అంతటి ముఖ్యమైనదవుతుంది.

ఇటువంటి ప్రశ్నలకు సమాధానం వెతకడానికి విస్తరణ విభాగాల్లోని పరిశోధక విద్యార్థులు ఇప్పుడు పైథాన్ భాషను ఆశ్రయిస్తున్నారు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ నుంచి వీధుల సమాచారాన్ని దింపుకొని, దానిని కూడళ్ళూ వీధి ఖండాలూ గల జాలంగా మార్చి ఇచ్చే ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్ అనే గ్రంథాలయం ఇందుకు బాగా ఉపకరిస్తుంది. జెఫ్ బోయింగ్ రూపొందించిన ఈ సాధనాన్ని పరిచయం చేసే పత్రం 2017లో వెలువడింది. దీనికి తోడుగా జ్యామితీయ పట్టికలను నిర్వహించే జియోపాండాస్ ఉంటుంది. ఈ రెండూ తెలిసిన విద్యార్థి పది పన్నెండు వరుసల ప్రోగ్రాముతో సీతాఫల్‌మండి వీధులను తెరపై గీయగలడు. అయితే పటం చూపునకు చక్కగా ఉండడం వేరు, దానిలో కొలిచిన దూరం నిజం కావడం వేరు.

డిగ్రీలు, మీటర్లు

ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ సమాచారం అక్షాంశ రేఖాంశాల రూపంలో, అంటే డిగ్రీలలో వస్తుంది. దీని నిరూపక వ్యవస్థ సంకేతం ఈపీఎస్‌జీ 4326. సీతాఫల్‌మండి సుమారు 17.43 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.51 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. ఈ అక్షాంశం మీద ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు దాదాపు 106.2 కిలోమీటర్లు, ఒక డిగ్రీ అక్షాంశం పొడవు దాదాపు 110.7 కిలోమీటర్లు. రెండూ సమానం కావు కనుక డిగ్రీలతో గీసిన వృత్తం నేల మీద వృత్తం కాదు.

ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లన్న బడి లెక్కను పట్టుకొని ఒక కిలోమీటరుకు బదులుగా 0.009 డిగ్రీల వ్యాసార్ధం తీసుకుంటే, తూర్పు పడమరలకు 956 మీటర్లు, ఉత్తర దక్షిణాలకు 996 మీటర్లు వస్తుంది. వైశాల్యం దాదాపు 5 శాతం తగ్గుతుంది. లెక్క సులువుగా ఉంటుందని 0.01 డిగ్రీలు తీసుకుంటే వైశాల్యం 3.14 చదరపు కిలోమీటర్లకు బదులు 3.69 అవుతుంది. అంటే 17 శాతానికి మించిన అదనం. ఇటువంటి సందర్భంలో జియోపాండాస్ ఫలితం సరికాకపోవచ్చని హెచ్చరిక వాక్యం చూపుతుంది గాని పనిని ఆపదు. ఎర్రని అక్షరాల హెచ్చరికను దాటవేసి ముందుకు పోవడం ప్రోగ్రాములు రాసేవారిలో పాతుకుపోయిన అలవాటు.

ఇంతకంటె ప్రమాదకరమైనది వెబ్ మెర్కేటర్, అంటే ఈపీఎస్‌జీ 3857. ఫోనులోనూ వెబ్‌లోనూ కనిపించే నేపథ్య పటాలలో అధికభాగం దీనిమీదనే ఆధారపడతాయి. వీధులను ఆ నేపథ్యంపై సరిగ్గా కూర్చడానికి విద్యార్థి తన సమాచారాన్ని ఈ వ్యవస్థకు మారుస్తాడు, తరువాత అక్కడే పరిధి వృత్తం కూడా గీస్తాడు. ఈ వ్యవస్థలో కొలత మీటర్లలోనే కనిపిస్తుంది కనుక హెచ్చరిక కూడా రాదు. కాని ఆ మీటర్లు భూమధ్యరేఖ వద్ద మాత్రమే నిజమైన మీటర్లు. సీతాఫల్‌మండి అక్షాంశం వద్ద పటం మీది 1000 మీటర్లు నేల మీద సుమారు 950 మీటర్లే. వృత్తం వైశాల్యం 9 శాతానికి పైగా తగ్గిపోతుంది. 16వ శతాబ్దిలో మెర్కేటర్ తన పటాన్ని నావికుల కోసం గీశాడు. దిక్సూచి చూపిన దిశను సరళరేఖగా నిలపడం ఆయన ఉద్దేశం. దూరాలు కొలిచే పని ఆ పటానికి ఆయన అప్పగించలేదు.

ఈ పేట పరిమాణపు పనికి తగినది యూటీఎం వ్యవస్థలోని 44వ ఉత్తర జోన్, అంటే ఈపీఎస్‌జీ 32644. ఈ జోన్ 78 డిగ్రీల నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు వ్యాపించి ఉంది. దీని మధ్య రేఖాంశం 81 డిగ్రీలు. సీతాఫల్‌మండి ఆ మధ్య రేఖకు పడమరగా 264 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పటికీ ఇక్కడ కొలతలో తేడా కిలోమీటరుకు అర మీటరుకు లోపే. నడక దూరాల అధ్యయనానికి ఇది లెక్కలోనికి రాదు.

కత్తిరింపు వద్ద తెగిపోయేది

వ్యవసాయ శాస్త్రజ్ఞుడికి వైశాల్యపు దోషం కొత్తది కాదు. పొలం కొలతలో 5 శాతం పొరపాటు ఉంటే ఎకరా దిగుబడి లెక్కలో అంతటి పొరపాటే వస్తుంది. దోషం ఎంతో తెలిస్తే గుణకంతో సరిచేయవచ్చు. వీధుల జాలం ఈ తీరుగా ప్రవర్తించదు. జాలంలో ఒక్క ఖండం తెగితే నష్టం ఆ ఖండం పొడవుకు పరిమితం కాదు. దాని ఆవల ఉన్న వీధులన్నీ చేరరానివవుతాయి. అంచు వద్ద 50 మీటర్ల పొరపాటు లోపల ఒక వాడనే మాయం చేయగలదు.

సీతాఫల్‌మండి వంటి చోట ఇది ఊహ మాత్రమే కాదు. పేటను ఆనుకొని రైలు పట్టాలు సాగుతున్నాయి. పట్టాలకు ఇరువైపులా ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నా, వంతెనో కింది దారో ఉన్న చోటనే రెండు వైపుల వీధులు కలుస్తాయి. అమ్మకపు కేంద్రానికి పట్టాల ఆవల సరళరేఖా దూరం 300 మీటర్లు ఉన్న ఇంటి నుంచి నడచి రావలసిన దూరం దానికి అనేక రెట్లు ఉండవచ్చు. దాటే చోటు కేంద్రానికి 970 మీటర్ల దూరంలో ఉందని అనుకుంటే, నిజమైన 1000 మీటర్ల వృత్తంలో అది లోపల ఉంటుంది. వెబ్ మెర్కేటర్ గీసిన 950 మీటర్ల వృత్తంలో అది బయటపడుతుంది. అప్పుడు జాలం రెండు ముక్కలవుతుంది.

తరువాత జరిగేది మరింత గమనార్హం. ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్‌లో మార్చకుండా వదిలిన సందర్భంలో, కత్తిరింపు తరువాత మిగిలిన ముక్కలలో అతి పెద్దదానిని మాత్రమే సాధనం నిలుపుకొంటుంది. తక్కినవాటిని తొలగిస్తుంది. రిటైన్ ఆల్ అనే ఎంపికను అవును అని మార్చితేనే అన్ని ముక్కలూ మిగులుతాయి. ఈ నియమం చాలా పనులకు సబబైనదే. ఎక్కడో ఒంటరిగా మిగిలిన రెండు మూడు వీధి తునకలను మోసుకుపోవడంలో ప్రయోజనం లేదు. కాని పైన చెప్పిన సందర్భంలో తొలగిపోయేది తునక కాదు, పట్టాల ఆవలి వాడ మొత్తం.

ఆ మీదట విద్యార్థి వృత్తంలోని కూడళ్ళన్నింటి నుంచి కేంద్రానికి సగటు నడక దూరం లెక్కిస్తాడు. ఆవలి వాడ లేదు కనుక సగటు తగ్గుతుంది. కేంద్రం చక్కని చోట ఉన్నట్లు నివేదిక తేలుతుంది. నిజానికి లెక్క నుంచి జారిపోయినవారు ఎక్కువ దూరం నడవవలసినవారే. ఈ దోషం యాదృచ్ఛికమైనది కాదు. అది ఎప్పుడూ ఒకే దిశలో, అందుబాటును ఉన్నదానికంటె మెరుగ్గా చూపే దిశలో పనిచేస్తుంది. నమూనాల సంఖ్య పెంచినా ఇది సమసిపోదు. గణాంక పరీక్షలో పట్టుబడదు కూడా, ఎందుకంటే లేని కూడళ్ళు పట్టికలో ఖాళీలుగానైనా కనిపించవు.

ఇక్కడ ఒక సూక్ష్మం గుర్తుంచుకోవాలి. కేంద్రం నుంచి ఒక కిలోమీటరు నడకలో చేరగల చోట్లు మాత్రమే కావలసినప్పుడు, నిజమైన కిలోమీటరు వృత్తం దాటి వెళ్ళవలసిన అవసరం దాదాపు ఉండదు. కిలోమీటరు పొడవున్న దారిలోని ఏ బిందువూ కేంద్రానికి సరళరేఖలో అంతకుమించిన దూరంలో ఉండజాలదు. వృత్తంలోని ప్రతి ఇంటికీ నడక దూరం ఎంత అన్నది ప్రశ్న అయినప్పుడు పరిస్థితి మారుతుంది. లోపలి ఇంటికి దారి బయటి నుంచి తిరిగి రావచ్చు. అందుచేత దింపుకొనే జాలం వృత్తం కంటె చాలా పెద్దదిగా ఉండాలి. ఒక కిలోమీటరు అధ్యయనానికి రెండున్నర, మూడు కిలోమీటర్ల జాలం తీసుకోవడం ఏమంత దుబారా కాదు. సమాచారం దిగడానికి మరికొంత సమయం పడుతుంది, అంతే.

కావున పని క్రమం ఇలా ఉండడం మేలు. మొదట పెద్ద పరిధిలో జాలాన్ని దింపుకొని 32644కు మార్చాలి. అదే వ్యవస్థలో కేంద్ర బిందువు చుట్టూ పరిధి గీయాలి. దూరాలన్నీ పెద్ద జాలం మీదనే లెక్కించాలి. కత్తిరింపు చిట్టచివర, ఏ కూడళ్ళను లెక్కలో చేర్చాలో నిర్ణయించడానికీ, పటం ముద్రించడానికీ మాత్రమే జరగాలి. ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్ కూడా తనంతట తాను ఇటువంటి జాగ్రత్తే తీసుకుంటుంది. హద్దు ఇచ్చినప్పుడు దానిని యూటీఎంలోనికి మార్చి 500 మీటర్లు వెలుపలికి పెంచి, ఆ పెద్ద జాలాన్ని నిర్మించిన తరువాతనే అసలు హద్దుకు కుదిస్తుంది. హద్దు మీది కూడలికి ఎన్ని వీధులు కలుస్తాయో సరిగ్గా లెక్క తేలడానికి ఈ ఏర్పాటు. అయితే కుదించిన పిమ్మట బయటి దారులు చేతిలో ఉండవు కనుక దూరాల లెక్కకు ఈ 500 మీటర్ల జాగ్రత్త చాలదు.

జియోపాండాస్‌లోని క్లిప్ అనే ఆదేశం స్వభావం వేరు. అది గీతను హద్దు వద్ద కత్తెరతో కోసినట్లు కోస్తుంది. కోసిన చివర కూడలి ఉండదు. పట్టికలోని పొడవు గడిలో మాత్రం కోయకముందు ఉన్న పాత సంఖ్యే నిలిచి ఉంటుంది. 400 మీటర్ల వీధిలో 60 మీటర్లే మిగిలినా పట్టిక 400 అనే చెబుతుంది. మొత్తం వీధుల పొడవు కావాలంటే కోసిన తరువాత జ్యామితి నుంచి పొడవును తిరిగి లెక్కించాలి. దారులు కావాలంటే ఈ ఆదేశాన్ని వాడనే కూడదు.

సముద్రంలో పడిన పేట

సెట్ సీఆర్‌ఎస్, టు సీఆర్‌ఎస్ అనే రెండు ఆదేశాల మధ్య తేడా తెలియక జరిగే పొరపాట్లు తరగతి గదుల్లో సాధారణం. మొదటిది సంఖ్యలను ముట్టుకోదు, అవి ఏ వ్యవస్థకు చెందినవో పేరు మాత్రం పెడుతుంది. రెండవది సంఖ్యలను నిజంగా మార్చుతుంది. డిగ్రీలలో ఉన్న సమాచారానికి మొదటి ఆదేశంతో 32644 అని పేరు పెడితే, 78.51 డిగ్రీలు కాస్తా 78.51 మీటర్లుగా చెల్లుబాటవుతాయి. వీధులది ఒక వ్యవస్థ, హద్దుది మరొక వ్యవస్థ అయినప్పుడు క్లిప్ ఆదేశం హెచ్చరించి ఊరుకుంటుంది, ఖాళీ పట్టికను తిరిగి ఇస్తుంది. ఖాళీ పట్టిక ఒక విధంగా మేలు. విద్యార్థి వెంటనే ఉలిక్కిపడతాడు.

అక్షాంశ రేఖాంశాల క్రమం మరొక చిక్కు. ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్ కేంద్ర బిందువును అక్షాంశం ముందు, రేఖాంశం తరువాత ఇమ్మంటుంది. జ్యామితిని నిర్వహించే షేప్‌లీ మాత్రం రేఖాంశం ముందు కోరుతుంది. క్రమం తారుమారైతే సీతాఫల్‌మండి ఉత్తర ధ్రువ ప్రాంతపు స్వాల్‌బార్డ్ దీవులకు చేరుతుంది. ఇక్రిశాట్ తదితర సంస్థలు విత్తనాలను భద్రపరచిన ప్రపంచ విత్తన భాండాగారం అక్కడికి కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. వ్యవసాయ విద్యార్థులు ఈ ఉదాహరణను తొందరగా మరచిపోరు.

తెలంగాణలో పనిచేసేవారు ప్రత్యేకించి ఎరగవలసినది 78 డిగ్రీల రేఖాంశం. 43వ, 44వ జోన్లను విడదీసే ఈ గీత రాష్ట్రం పడమటి భాగం మీదుగా సాగుతుంది. మహబూబ్‌నగర్ పట్టణం దాదాపు ఈ గీత మీదనే ఉంది. సంగారెడ్డి దీనికి తూర్పున 44వ జోన్‌లో, వికారాబాద్, తాండూరు, జహీరాబాద్, గద్వాల పడమర 43వ జోన్‌లో ఉన్నాయి. సమాచారం ఉన్న చోటును బట్టి జోన్‌ను తానే ఎంచుకునే సౌకర్యం పై రెండు సాధనాల్లోనూ ఉంది. ఒక్క పేటకు అది మేలైనదే. మండలాల వారీగా విడివిడిగా నడిపినప్పుడు మాత్రం వికారాబాద్ పట్టికకు ఒక జోన్, సంగారెడ్డి పట్టికకు మరొక జోన్ వస్తాయి. వాటిని సంఖ్యల పట్టికలుగా సీఎస్‌వీ రూపంలో భద్రపరిస్తే జోన్ పేరు పోతుంది, సంఖ్యలు మిగులుతాయి. 44వ జోన్‌లో సీతాఫల్‌మండి తూర్పు నిరూపకం సుమారు 2,35,500 మీటర్లు. అదే సంఖ్యను 43వ జోన్‌గా చదివితే బిందువు ఆరు డిగ్రీలు పడమరకు జరిగి, రత్నగిరి ప్రాంతపు తీరానికి ఆవల అరేబియా సముద్రంలో పడుతుంది.

దీనికి పరిష్కారం సులభం. తాండూరు కంది పొలం నుంచి సికింద్రాబాద్ దుకాణం దాకా ఒకే అధ్యయనం అయితే మొత్తాన్ని 44వ జోన్‌లోనే ఉంచవచ్చు. తాండూరు ఆ జోన్ హద్దుకు వెలుపల ఉన్నా కొలతలో తేడా కిలోమీటరుకు సుమారు 1.2 మీటర్లే. రాష్ట్రమంతటా వైశాల్యాలను పోల్చవలసినప్పుడు మాత్రం సమవైశాల్య ప్రక్షేపం ఎంచుకోవడం ఉచితం.

ఈ 78 డిగ్రీల పరిసరాలకు కొలతల చరిత్రలో వేరొక స్థానం కూడా ఉంది. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ ఆరంభించిన త్రికోణమితి సర్వేలో వెన్నెముక వంటి మహా చాపం దక్షిణం నుంచి ఉత్తరానికి ఇంచుమించు ఈ రేఖాంశం పక్కనే సాగింది. 1818లో ఆయనకు సహాయకుడిగా నియమితుడైన జార్జ్ ఎవరెస్ట్ తొలి అనుభవం నిజాం రాజ్యంలో, కృష్ణా గోదావరుల నడుమ గడించాడు. 1830లో ఎవరెస్ట్ నిర్ణయించిన దీర్ఘగోళం భారత సర్వే పటాలకు ఆధారమైంది. 2005 జాతీయ పట విధానం ప్రజోపయోగ పటాలకు డబ్ల్యూజీఎస్ 84 ఆధారాన్ని, యూటీఎం ప్రక్షేపాన్ని నిర్దేశించింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో పాత టోపోషీట్లు నేటికీ ఉన్నాయి. వాటి నుంచి చెరువు గట్టునో బండ్ల బాటనో గీసుకొని నేటి వీధుల జాలంతో కలిపేవారు ఆధార మార్పిడి చేయకపోతే, హైదరాబాద్ పరిసరాల్లో వంద మీటర్లకు మించిన జరుగుబాటు వస్తుంది. సీతాఫల్‌మండి సందుల కొలతలో వంద మీటర్లంటే రెండు మూడు వీధులు.

తనిఖీ

ప్రక్షేపం సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి పరికరాలు అక్కరలేదు. ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్ ప్రతి వీధి ఖండానికీ పొడవును గోళం మీది దూర సూత్రంతో ముందే లెక్కించి ఇస్తుంది. ఈ సంఖ్య ప్రక్షేపం మార్చినా మారదు. కత్తిరింపునకు ముందు ఆ పొడవుల మొత్తాన్ని, జ్యామితి నుంచి లెక్కించిన పొడవుల మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. 32644లో ఉంటే రెండింటి తేడా అర శాతానికి లోపు ఉంటుంది. ఆ కొద్ది తేడా కూడా భూమిని గోళంగా తీసుకున్నందువల్ల వచ్చేదే. తేడా 5 శాతం వద్ద ఉంటే సమాచారం వెబ్ మెర్కేటర్‌లో ఉండిపోయిందన్న మాట. జ్యామితి మొత్తం పొడవుల మొత్తంతో పోలిస్తే అతి చిన్న సంఖ్యగా వస్తే డిగ్రీలు ఇంకా మీటర్లుగా మారలేదని అర్థం.

రెండవ తనిఖీ ముక్కల లెక్క. రిటైన్ ఆల్ ఎంపికతో ఒకసారి, అది లేకుండా ఒకసారి కత్తిరించి కూడళ్ళ సంఖ్యను పోల్చాలి. పదీ ఇరవై తేడా ఉంటే విడి తునకలు. వందల్లో ఉంటే ఒక వాడ. ఆ వాడ ఎక్కడ ఉందో పటంలో రంగు వేసి చూసి, అక్కడికి దారి నిజంగా లేదా, లేక హద్దు వల్ల తెగిందా అన్నది నిర్ణయించుకోవాలి.

మూడవది నేల మీద చేయవలసిన పని. పట్టాలు దాటే కాలిబాట, మెట్ల వంతెన, గోడ సందు వంటివి ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో నమోదై ఉండకపోవచ్చు, నమోదైనా వాహన జాలంలో కాక నడక జాలంలో మాత్రమే ఉండవచ్చు. తలపై గంప మోసే అమ్మకందారుకూ, ట్రాలీ ఆటోకూ దారులు ఒకటి కావు కనుక రెండు జాలాలనూ వేరువేరుగా దింపుకోవాలి. ఫోనులోని జీపీఎస్‌తో దాటే చోట్లన్నింటికీ ఒకసారి నడచి వచ్చి, నిరూపకాలను నమోదు చేసి, వాటిని కూడా 32644కు మార్చి జాలం మీద పరచి చూస్తే సగం పూట పని. సిద్ధాంత గ్రంథంలో విధానాల అధ్యాయం రాసేటప్పుడు సమాచారం దింపిన తేదీ, నిరూపక వ్యవస్థ సంకేతం, దింపిన పరిధి, కత్తిరించిన పరిధి, కత్తిరింపు దూరాల లెక్కకు ముందా తరువాతా అన్న అయిదు వివరాలను పరీక్షకులు అడిగి మరీ రాయించవలసి ఉంటుంది. నడక వేళలో కనిపించి జాలంలో లేని దారులను ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లోనే చేర్చవచ్చు. తరువాతి ఏడు సీతాఫలం కోతకు వచ్చే వేళకు, మరొక విద్యార్థి దింపుకొనే జాలంలో ఆ మెట్ల వంతెన ఉంటుంది.